పదకొండు కేసులు

కోర్టు రికార్డు గదిలో ఫ్యాను వెయ్యకూడదన్నది రికార్డు కీపరు పెట్టిన నియమం. గాలి తగిలితే పాత కాగితాల అంచులు పొడుములా రాలిపోతాయని ఆయన భయం. లైబ్రేరియన్ చెమట రిజిస్టరు మీద పడకుండా నుదుటికి చేతిరుమాలు కట్టుకుని, పెన్సిలు తప్ప మరేదీ బల్ల మీద పెట్టకుండా కూర్చుంది. పెన్ను పట్టుకుంటే ఆయన ఊరుకోడు.

పురపాలక సంఘానికి నూరేళ్లు నిండుతున్నాయని ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. పుస్తకం పని చూస్తున్నది రిటైరైన హెడ్మాస్టరు. బడుల చరిత్ర, ఆస్పత్రి చరిత్ర, వంతెన చరిత్ర తెలిసినవాళ్లకి పంచగా, ఎవరూ తీసుకోని మద్యనిషేధం రోజులు ఈమె వంతుకి వచ్చాయి. "ఎనిమిది పేజీలు చాలమ్మా. సరదాగా ఉండాలి. సైకిలు ట్యూబుల్లో సారా పట్టుకెళ్లేవాళ్లట, అలాంటివి రాయండి," అన్నాడాయన.

సైకిలు ట్యూబు సంగతి ఇంట్లోనే దొరికింది. ఆమె మామగారు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. "ట్యూబులో సారా తాగితే రెండు రోజుల దాకా తేన్పుల్లో రిపేరు షాపు వాసన వచ్చేది," అన్నాడు.

"మీకెలా తెలుసు మామయ్యా?"

"విన్నాలే," అని పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నిషేధం పదేళ్లు సాగింది. ఆ పదేళ్ల కేసులూ మూడు లావుపాటి రిజిస్టర్లలో ఉన్నాయి. ముద్దాయి పేరు, పట్టుబడిన చోటు, రోజు, వేళ, స్వాధీనం చేసుకున్న సరుకు, ఒప్పుకున్నాడా లేదా, శిక్ష. చివర సన్నగా రిమార్కులు. లైబ్రేరియన్ మొదటి రోజు ఊరికే పేజీలు తిప్పింది. పాల క్యానులు, వేణ్ణీళ్ల సంచులు, బోలుగా తొలిచిన గుమ్మడికాయలు. ఒకాయన వీణలో దాచాడట. పట్టుకున్న జవాను 'మోగలేదు కాబట్టి అనుమానం వచ్చింది' అని రాయించాడు. అది చదివి ఆమె నవ్వితే, రికార్డు కీపరు తలెత్తి చూసి, తనకీ చూపించమన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ గదికి కాపలా కాస్తున్నాడు కానీ లోపల ఏముందో ఎప్పుడూ చదవలేదట.

రెండో రోజు ఒక ఆడమనిషి పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఆ పేరు ముందు రోజు కూడా చూసినట్టనిపించి వెనక్కి తిప్పింది. ఉంది. ఇంకా వెనక్కి తిప్పింది. అక్కడా ఉంది. సాయంత్రానికి ఆరేళ్లలో పదకొండు కేసులు తేలాయి. అన్నీ ఒక్క మనిషివే. అన్నిటిలోనూ నేరం ఒప్పుకుంది. అన్నిటికీ జైలే. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పేరు ఎక్కడా లేదు.

"పదకొండుసార్లు," అన్నాడు రికార్డు కీపరు ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ. "గట్టి మనిషే."

లైబ్రేరియన్ కూడా అలాగే అనుకుంది. తన ఎనిమిది పేజీలకి కావలసిన మనిషి దొరికిందని సంతోషించింది. సారా రాణి అని ఒక శీర్షిక కూడా నోటుబుక్కులో రాసుకుంది.

కానీ ఆమెకి ఒక అలవాటుంది. లైబ్రరీలో కార్డులు రాసీ రాసీ వచ్చిన అలవాటు: ఒకే రకం వివరాలు కనబడితే నిలువు వరసల్లో పేర్చుకుంటుంది. పదకొండు కేసులనూ అలా పేర్చింది. సరుకు వరస పైనుంచి కిందకి చదివితే ఇలా ఉంది: అంచు పగిలిన మట్టికుండ ఒకటి. అంచు పగిలిన మట్టికుండ ఒకటి. అంచు పగిలిన మట్టికుండ ఒకటి. తొమ్మిది కేసుల వరకూ అదే కుండ. చివరి రెండిట్లో మాత్రం మూతతో సహా రాగి డేగిశా, రబ్బరు గొట్టం.

"సార్, పట్టుకున్న సరుకు ఏం చేసేవాళ్లు?"

"పగలగొట్టాలి. కోర్టువారి ఎదుట ధ్వంసం చేసినట్టు రాస్తారు."

రాశారు. తొమ్మిదిసార్లూ కుండను ధ్వంసం చేసినట్టే రాశారు.

ఆమె సారా రాణి మీద పెన్సిలుతో ఒక గీత గీసింది. తర్వాత రిమార్కుల వరస మొదటి నుంచీ వేలు పెట్టి చదివింది. తొమ్మిది కేసుల్లోనూ పూచీ ఇచ్చినవాడు ఒకడే, సోడా ఫ్యాక్టరీ మేనేజరు. నాలుగో కేసులో అదనంగా ఒక ముక్క ఉంది. ఎవరో గుమాస్తా, ఎందుకు రాయాలనిపించిందో గానీ, చిన్న అక్షరాల్లో రాసిపెట్టాడు: 'ముద్దాయి ఎనిమిది రోజుల బిడ్డతో హాజరైనది.'

కోర్టు తేదీ నుంచి ఎనిమిది రోజులు వెనక్కి లెక్కపెట్టింది. వేళ్ల మీద ఒకసారి, కాగితం మీద ఒకసారి. నేరం జరిగిన తేదీ దగ్గరికే వచ్చి ఆగింది.

*

ఆ సాయంత్రం మామగారి దగ్గర ఆ పేరు ఎత్తితే ఆయన పేపరు దించాడు.

"బట్టీ ముసలమ్మా? అప్పట్లో ముసలిది కాదులే. పెంకుల ఫ్యాక్టరీ వెనక గదుల్లో ఉండేది."

"పదకొండు కేసులున్నాయి మామయ్యా ఆవిడ మీద."

"ఉంటాయి. అది కాచిందేమీ లేదమ్మాయ్. కాచేది సోడా ఫ్యాక్టరీ ఓనరు, జైలుకెళ్లేది ఇది. నెలకిన్ని కేసులు పట్టాలని పోలీసులకి పైనుంచి ఒత్తిడి. ఆయన్ని పట్టుకోలేరు కదా. ఎవరో ఒకర్ని పంపేవాడు. దీని మొగుడు ఆయన దగ్గరే పని. సోడా బుడ్డి పేలి చెయ్యి పోయింది. ఉన్న గది ఆయనదే. పొమ్మంటే ఎక్కడికి పోతారు?"

"ఇదంతా ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికి తెలియదని అడుగు."

"మరి సారా బట్టీ పేరు పెట్టి బట్టీ ముసలమ్మ అని ఎందుకంటారు?"

మామగారు కళ్లజోడు తీసి బనీను అంచుతో తుడుచుకున్నాడు. "అలవాటైపోయింది," అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే, "నేను బస్సులో టిక్కెట్టు కొడుతూ కూడా అలాగే పిలిచేవాణ్ని," అన్నాడు.

ఆ సోడా ఫ్యాక్టరీ ఆయన ఫొటో లైబ్రరీ హాల్లోనే ఉంది. హాలు కట్టించింది ఆయనే. పద్నాలుగేళ్లుగా ఆమె ప్రతి ఉదయం ఆ ఫొటో కింద కిటికీలు తెరుస్తోంది.

మర్నాడు సెలవు పెట్టి, మున్సిపల్ ఆఫీసులో జనన రిజిస్టరు తీయించింది. అక్కడి గుమాస్తా ఇది ఎందుకు, అది ఎందుకు అని రెండు గంటలు తిప్పి, చివరికి మధ్యాహ్నం తలుపు తీశాడు. ఆ తేదీన ఆస్పత్రిలో పుట్టింది ముగ్గురు. మూడో వరసలో తల్లి పేరు అదే. ఆడపిల్ల. ఉదయం ఐదూ నలభై. చిరునామా పెంకుల ఫ్యాక్టరీ వెనక ఏడో గది.

అదే ఉదయం ఆరు గంటలకి కాలవ గట్టున, బట్టీ ముందు కూర్చుని పొయ్యి ఊదుతుండగా పట్టుకున్నామని కేసు రాశారు.

లైబ్రేరియన్ రెండు కాగితాలూ రెండేసి కాపీలు జిరాక్సు తీయించుకుని, జిరాక్సు షాపు మెట్ల మీదే నిలబడి పక్కపక్కన పెట్టి చూసుకుంది. యాభై రెండేళ్ల కిందటి అబద్ధం చేతికి చిక్కింది. అది ఇంత తేలిగ్గా, రెండు కాగితాల్లో ఉండిపోయిందా అనుకుంది.

*

పెంకుల ఫ్యాక్టరీ లేదు. గదులు మాత్రం ఉన్నాయి, దుకాణాలుగా మారి. అడిగితే అందరూ ఒకే వైపు చూపించారు. "బట్టీ ముసలమ్మా? ఆ కుట్టు షాపు. కూతురు టైలరు."

టైలరు ఒక కోటు చంకభాగం విప్పుతోంది. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి, దారం ముక్కని ఊది, మళ్లీ తెంపుతోంది. లైబ్రేరియన్ వచ్చిన పని సగం చెప్పేసరికే ఆమె బ్లేడు పక్కన పెట్టింది.

"మద్యనిషేధం గురించా? వెళ్లండి మేడమ్."

"ఒక్క మాట వినండి."

"చాలా విన్నాను. బళ్లో నా వెనక బెంచీ పిల్లలు జడ వాసన చూసి ముక్కు మూసుకునేవాళ్లు. నా పెళ్లికి వచ్చినవాళ్లు కూజాలో ఉన్నవి నీళ్లేనా అని అడిగారు, నవ్వుకుంటూ. ఇప్పుడు పుస్తకంలో కూడా వెయ్యాలా? ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. వదిలెయ్యండి."

లైబ్రేరియన్ వాదించలేదు. రెండు జిరాక్సులూ కోటు మీద పెట్టింది. టైలరు ముందు చూడనట్టే ఉంది. తర్వాత మెడలో టేపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాగితం దగ్గరికి లాక్కుంది.

"ఎనిమిది రోజుల బిడ్డ. నేనా?"

"మీరే. ఇది మీరు పుట్టిన వేళ. ఇది కేసు వేళ. ఇరవై నిమిషాల తేడా. ఆస్పత్రి నుంచి కాలవ గట్టు రెండు మైళ్లు."

టైలరు చదివింది. మళ్లీ చదివింది. కానీ ఆమె కళ్లు కేసు మీద లేవు.

"ఇది నా పుట్టినరోజా?" అంది. "బళ్లో చేర్చుకున్న మాస్టరు తనకి తోచిన తేదీ వేశాడు. అమ్మని అడిగితే ఎండాకాలం అనేది, అంతే. ఐదూ నలభై అంటే తెల్లారినట్టేనా?"

"అప్పుడప్పుడే తెల్లారుతూ ఉంటుంది."

టైలరు లేచి షట్టరు సగం దించింది. "రండి. ఎక్కువసేపు మాట్లాడించకండి," అంటూ వెనక గదిలోకి దారి తీసింది.

ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని, కూతురు విప్పి పారేసిన దారాలు కండెకి చుడుతోంది. సన్నగా, నిటారుగా ఉంది. లైబ్రేరియన్ చెప్పిందంతా విని, "ఆ మూల స్టూలుంది, లాక్కో," అంది.

"పెద్దమ్మా, ఆ రోజు మిమ్మల్ని నిజంగా పట్టుకున్నారా?"

"పట్టుకోవడమేంటి. ఎనిమిదో రోజున మేనేజరు వచ్చి కోర్టుకి పద అన్నాడు. నేను రాలేనంటే బిడ్డని కూడా తెచ్చుకో అన్నాడు. ఇదిగో, దీన్ని ఎత్తుకెళ్లాను. జడ్జిగారు కాచావా అంటే కాచానన్నాను. రెండు నెలలు వేశారు."

"ఆ అంచు పగిలిన కుండ ఎవరిది?"

ముసలావిడ చెయ్యి ఆగింది. మొదటిసారి లైబ్రేరియన్ మొహం పరీక్షగా చూసింది. "కుండ సంగతి కూడా రాశారా? అది స్టేషనుదే. దాంట్లో జవాన్లు ఉప్పు పోసుకునేవాళ్లు. కేసున్న రోజు ఉప్పు కాగితంలోకి వంపి తెచ్చేవాళ్లు."

లైబ్రేరియన్‌కి రాసుకోవడానికి చెయ్యి చాల్లేదు. జైలు గది ఎలా ఉండేది, చంటిబిడ్డకి పాలు ఎవరిచ్చారు, తోడు ఎవరుండేవారు అని అడుగుతూనే ఉంది. ముసలావిడ అడిగినంత వరకే చెప్పింది. లేవబోతుంటే ఒక్కటే అడిగింది.

"మొత్తం పదకొండూ ఉన్నాయా నీ కాగితాల్లో?"

"ఉన్నాయి."

"రాశాక నాకు చదివి వినిపించు. అచ్చుకి ఇవ్వకముందు."

*

ఆమె రెండు రోజులు కూర్చుని రాసింది. ట్యూబులు, వీణ మొదటి పేజీలోనే అయిపోయాయి. మిగతా ఏడు పేజీలూ ఆ ఒక్క మనిషే. అన్యాయం ఎలా జరిగిందో తేదీలతో, కుండతో, పూచీతో చూపించింది. చివరి పేరాలో ఇలా రాసింది: 'ఈ పదకొండు కేసుల్లో ఒక్కటీ ఆమె చేసినది కాదు. ఆమె జీవితంలో ఒక్క చుక్క సారా కాయలేదు. చివరి నాలుగేళ్లు ఆమె పేరు కనబడకపోవడానికి కారణం, అప్పటికి ఆమెతో వాళ్ల అవసరం తీరిపోవడమే.' ఆ పేరా రెండుసార్లు చదువుకుంది.

హెడ్మాస్టరు చిత్తుప్రతి తెప్పించుకుని చదివి ఫోను చేశాడు. "బాగా రాశారమ్మా. కానీ సోడా ఫ్యాక్టరీ ఆయన పేరు వద్దేమో. ముందు మాటలో ఆయన ఫొటో వేస్తున్నాం."

"ముద్దాయి పేరు కోర్టు రిజిస్టరులో ఉంది సార్. పూచీ ఇచ్చింది ఆయన మేనేజరేనని కూడా అదే వరసలో ఉంది. ఆవిడ పేరు వేసి ఆయన పేరు ఎలా తీసేస్తాం?"

"జిరాక్సులున్నాయా?"

"ఉన్నాయి."

"దగ్గర పెట్టుకోండి," అని ఫోను పెట్టేశాడు.

ఆమె కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి కుట్టు షాపు మూసి ఉంది. పక్క తలుపు తీసింది టైలరే. వెనక గది తుడిచి, కిటికీకి కొత్త గుడ్డ కట్టింది. లైబ్రేరియన్ ఇచ్చి వెళ్లిన రెండు జిరాక్సులకీ ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది. "ఇస్త్రీ ఆయనకి చూపించాను. ఎదురు షాపు వాళ్లకి చూపించాను. మా అమ్మ ఏ తప్పూ చెయ్యలేదు, చదువుకోండి అన్నాను," అంది. ఆ మూడు రోజుల్లో ఆమె నడకే మారింది.

లైబ్రేరియన్ చదివింది. ముసలావిడ కళ్లు మూసుకుని వింది. కుండలో ఉప్పు సంగతి వచ్చినప్పుడు మాత్రం పెదవి చివర కొంచెం కదిలింది. చివరి పేరా అయ్యాక కళ్లు తెరిచింది.

"బాగా రాశావు. నీకు చదువుంది. కానీ లెక్క తప్పింది."

"ఎక్కడ పెద్దమ్మా?"

"తొమ్మిది వాళ్లవి. రెండు నావి."

లైబ్రేరియన్ కాగితం వంక చూసింది. మూతతో సహా రాగి డేగిశా, రబ్బరు గొట్టం. కుండ పాడైపోయి ఉంటుంది, అందుకే మార్చి ఉంటారని తనకి తనే సర్దిచెప్పుకుని, ఆ వరస మీదుగా వెళ్లిపోయింది.

"జైల్లో ఒక పెద్దావిడ ఉండేది," అంది ముసలావిడ. "నిజంగా కాచి వచ్చిన మనిషి. నేనేమో కాయకుండా వచ్చానని నన్ను చూసి నవ్వేది. ఏడుసార్లు వచ్చావు, పని మాత్రం నేర్చుకోలేదు అనేది. అన్నం పళ్లేలతోనే నేర్పింది. పళ్లెం మీద పళ్లెం పెట్టి, ఆవిరి ఎటు పోవాలి, నీళ్లు ఎక్కడ చల్లాలి అని. పులియబెట్టిన బెల్లం ఊట నురగ ఆగేదాకా తొందరపడొద్దనేది. మొదట దిగిన గ్లాసెడూ పారబొయ్యాలి, అది కళ్లు తీసేస్తుంది అనేది. సోడా ఆయన అదీ పారబొయ్యకుండా అమ్మేవాడు. ఇద్దరికి చూపు పోయింది ఈ ఊళ్లో. నా దాంతో ఎవరికీ ఏం కాలేదు."

"అమ్మా," అంది టైలరు.

"మీ నాన్న పోయాడు. సోడా ఆయన గది వదిలేసి వచ్చేశాను. ఇంకెవరి కోసం వెళ్లాలి జైలుకి? పదోసారి వాళ్లు ఉప్పు కుండ పట్టుకుని వచ్చేసరికి నా పొయ్యి మీద నా డేగిశా ఉంది. పాపం, ఎస్సైకి ఏం చెయ్యాలో తెలియలేదు. నిజంగానే కాస్తున్నావా అన్నాడు. కుండ వెనక్కి పట్టుకుపోయారు."

"మూడు రోజుల నుంచి వీధంతా చెప్పుకున్నాను," అంది టైలరు. గొంతు పెంచలేదు. గోడ మీద ఫ్రేము వైపు కూడా చూడలేదు. "మా అమ్మ ఏ తప్పూ చెయ్యలేదని."

"తప్పు చెయ్యలేదనే నేనూ అంటున్నాను. కాయలేదని అనకు." ముసలావిడ లైబ్రేరియన్ వైపు తిరిగింది. "వాళ్లవి నా మీద రాయొద్దు. నావి తీసెయ్యొద్దు. పుస్తకమంటూ వేస్తే అలా వెయ్యి."

లైబ్రేరియన్ పెన్సిలు తీసి చివరి పేరా మొత్తం కొట్టేసింది. రెండు రోజులు కష్టపడి రాసిన పేరా. బాధ కలగలేదు. సిగ్గేసింది. ఈ మనిషిని అడగవలసిన ప్రశ్న ఒకటి, ఎదురుగా అంతసేపు కూర్చుని కూడా తను అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"ఆ తర్వాత నాలుగేళ్లు మీ పేరు లేదు. మానేశారా?"

"మానెయ్యడమెందుకు. దొరకలేదు."

"ఎక్కడ కాచేవారు?"

"ఆస్పత్రిలో. వెనక దుప్పట్లు ఉడకబెట్టే షెడ్డులో పనికి కుదిరాను. పొద్దస్తమానం ఆవిరే, మందు నీళ్ల వాసనే. పన్నెండు బానలు పొయ్యి మీదుంటే పదమూడోది ఎవరు లెక్కపెడతారు?"

లైబ్రేరియన్ నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది. ఎనిమిది పేజీలు చాలవని హెడ్మాస్టరుకి చెప్పాలి.

టైలరు తలుపు దగ్గర నిలబడే ఉంది. కాసేపటికి మెడలోంచి టేపు తీసి, మడతపెట్టి, కిటికీలో పెట్టింది.

"షెడ్డు నాకు గుర్తుంది," అంది. "నేను దుప్పట్ల మూట మీద పడుకునేదాన్ని. నువ్వు సీసా చేతికిచ్చేదానివి, మందు, ఒలకబొయ్యకుండా డాక్టరుగారింట్లో ఇచ్చిరా అని."

ముసలావిడ కండె ఒళ్లో పెట్టుకుంది.

"డాక్టరుగారికే మందు పంపడమేంటని నేనెప్పుడూ అనుకోలేదు," అంది టైలరు. మెల్లగా వచ్చి, తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఇంకా ఎన్ని ఇళ్లకి తిప్పావమ్మా నన్ను?"

ముసలావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, బొటనవేలితో ఒక్కో వేలూ ముడుచుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి ఎత్తింది.